తొమ్మిది ప్రశ్నలూ, ఒక అంపశయ్యా

గాంధీనగర్‌లో మేముండే హాస్టల్‌కి 2023 వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున నలుగురు వాలంటీర్లు వచ్చారు. మెస్‌లో ఇడ్లీ అయిపోయి ఉప్మా మాత్రమే మిగిలిన టైమది. తలో కాయితం, తలో పెన్ను చేతిలో పెట్టారు. పైన 'మానసిక ఆరోగ్య స్క్రీనింగ్' అని పెద్దక్షరాలతో ఉంది. దాని కింద పేరు, రూమ్ నెంబర్, ఫోన్ నెంబర్, ఇంట్లోవాళ్ళ ఫోన్ నెంబర్. ఆ తర్వాత తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదాని ఎదురుగా నాలుగు గళ్ళు.

అప్పటికి నేను గ్రూప్-2 కోసం రెండేళ్ళుగా చదువుతున్నాను. ఆబ్జెక్టివ్ పేపర్ కనబడితే చాలు, చెయ్యి దానంతటదే పరిగెత్తే దశ. నాలుగు నిమిషాల్లో నింపి ఇచ్చేశాను. తొమ్మిదో ప్రశ్న దగ్గర 'అస్సలు లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను. అది అబద్ధం.

ఈ వ్యాసం ఆ కాయితం మీద సమీక్ష. నవలల మీద, కవిత్వం మీద రాసేవాడు ఒక ఫారం మీద రాయడమేంటి అని నాకూ అనిపించింది. కానీ ఆలోచించండి. మన తరంలో ఎంతమంది 'చివరకు మిగిలేది' చదువుతారో చెప్పలేను గానీ, స్కూల్లోనో కాలేజీలోనో ఆఫీసు హెచ్చార్ మెయిల్లోనో ఈ తొమ్మిది ప్రశ్నలు ఎదురుపడేవాళ్ళు ఏడాదికేడాది పెరుగుతున్నారు. మనిషి మనసు గురించి ఒక కుర్రాడు చదివే మొదటి తెలుగు పాఠ్యం ఇదే కావచ్చు. చదవడమే కాదు, తన జవాబుతో దాన్ని పూర్తి చేస్తాడు కూడా. అలాంటి రచనని సాహిత్య విమర్శ పట్టించుకోకపోవడం ఏం న్యాయం?

*

ముందు పుట్టుపూర్వోత్తరాలు. ఈ ప్రశ్నావళి పేరు పీహెచ్‌క్యూ-9. అమెరికాలో కర్ట్ క్రోంకీ, రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్ అనే ముగ్గురు తయారుచేశారు. ఫైజర్ మందుల కంపెనీ గ్రాంటు ఇచ్చింది. 2001లో వైద్య పత్రికలో వచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు కాబట్టి ప్రపంచమంతా పాకింది, తెలుగులోకీ వచ్చింది. డిప్రెషన్ అని నిర్ధారించడానికి అమెరికా సైకియాట్రిస్టుల గ్రంథం పెట్టుకున్న లక్షణాలు తొమ్మిది. అందుకే ప్రశ్నలూ తొమ్మిదే. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం 27. పది దాటితే ఒకసారి డాక్టరు చూడాలని లెక్క. ఇరవై దాటితే తీవ్రం.

రచనగా చూస్తే దీని క్లుప్తత మెచ్చుకోవాల్సిందే. ఆసక్తి తగ్గడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, నేను పనికిరానివాణ్ణనే భావం, ఏకాగ్రత, కదలికలు నెమ్మదించడమో నిలకడ లేకపోవడమో, చివరికి చావు ఆలోచన. ఒక్క విశేషణం కూడా ఎక్కువ లేదు. మామూలు విషయాలతో మొదలై మెల్లగా లోపలికి దిగి, చివరి వాక్యంలో అసలు సంగతి అడుగుతుంది. మంచి కథకుడికి ఉండే క్రమం ఇది. కాలం కూడా స్పష్టం: గడిచిన రెండు వారాలు. చిన్నప్పుడేం జరిగింది, మీ నాన్న ఎలాంటివాడు అని అడగదు. ఈ పద్నాలుగు రోజులు ఎలా గడిచాయో చెప్పు, చాలు అంటుంది.

ఇప్పుడు దీన్ని పట్టుకొచ్చి అశోక్‌నగర్‌లో చదవండి. ఏకాగ్రత గురించి అడిగే ప్రశ్నలో ఉదాహరణగా పేపర్ చదవడం ఉంటుంది. న్యూస్‌పేపర్ మీద మనసు నిలుస్తోందా అని. అశోక్‌నగర్‌లో పేపర్ చదవడం సరదా కాదు, డ్యూటీ. పొద్దున ఆరింటికి టీ బండి దగ్గర ఎడిటోరియల్ మీద హైలైటర్ గీసేవాడికి శ్రద్ధ లేదని ఎవరంటారు? కానీ అదే మనిషి చదివిన పేరా మూడోసారి చదువుతుంటాడు, ఒక్క ముక్క ఎక్కదు. వాడు ఏ గడిలో టిక్కు పెట్టాలి?

నిద్ర సంగతీ అంతే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఫ్యాను కింద సీటు దొరకాలంటే తెల్లారకముందే లేవాలి. రాత్రి హాస్టల్లో ఆరుగురి రూమ్‌లో ఒకడు లైటు ఆర్పడు, ఇంకొకడు ఫోన్లో క్లాసు వింటుంటాడు. నిద్ర చాలడం లేదు అనడం ఇక్కడ లక్షణం కాదు, అడ్రస్. ఇంట్లోవాళ్ళ ఆశలు వమ్ము చేశాననిపిస్తోందా అని ఇంకో ప్రశ్న. నెలనెలా అన్న పంపే ఐదు వేలతో బతికే ముప్పై ఏళ్ళవాడిని అడగాల్సిన ప్రశ్నేనా అది? నిజాయితీగా నింపితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి ఇందిరాపార్కు దాకా సగం మందికి పది మార్కులు దాటుతాయి. అంటే సగం మందీ రోగులా? లేక పరీక్ష రాసినవాడికి బదులు పరీక్ష పెట్టినవాడి తప్పులు దిద్దుతున్నామా?

ఆ ఏడాది సంగతులు తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరు 16న జరిగింది, పేపర్ లీకు బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్ళీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. గ్రూప్-2 ఆగస్టు నుంచి నవంబరుకి, నవంబరు నుంచి 2024 జనవరికి, అక్కణ్ణుంచి ఆగస్టుకి, చివరికి డిసెంబరు 15, 16 తేదీలకి జరిగింది. ఒకే పరీక్షకి నాలుగు వాయిదాలు. ఒక్కో వాయిదాకీ ఇంటికి ఫోన్ చేసి ఇంకో మూణ్ణెల్ల ఖర్చు అడగాలి. 'గడిచిన రెండు వారాల్లో' అన్న చట్రంలో ఈ రెండేళ్ళు ఎక్కడ పడతాయి?

*

ఇక అనువాదం. మా చేతికొచ్చిన ఫారంలో తెలుగు పాఠ్యపుస్తకం తెలుగు. కుంగుబాటు, నిరాశ, నిస్పృహ, ఆత్మన్యూనత. తప్పు మాటలేం కాదు. కానీ ఇవి ఎవరూ అమ్మతో ఫోన్లో వాడే మాటలు కావు. మా రూమ్మేట్‌ది పాలమూరు వైపు. వాడు ఆ కాయితం చూసి నన్నడిగాడు: "నిస్పృహ అంటే ఏందిరా, రందా?"

నాకు అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత చాలాకాలం ఆ ప్రశ్న వెంటాడింది. తెలంగాణ పల్లెల్లో మనసుకి పట్టే జబ్బులకి ఉన్న మాటలు ఎంత కచ్చితంగా ఉంటాయో చూడండి. రంది అంటే లోపల తొలిచే చింత, దానికి సాధారణంగా ఒక కారణం ఉంటుంది: బిడ్డ పెళ్ళో, అప్పో, రాని నౌకరో. మనాది అంటే ఆ చింత మనిషిలో దిగబడిపోయి, తిండి మాని, చిక్కి శల్యమయ్యే దశ. 'మనాది పట్టి పోయిండు' అంటారు. బుగులు అంటే భయం, రాత్రిపూట గుండెల్లో దడ. తన్లాట అంటే నిలవనీయని కొట్టుమిట్టాట. కోస్తాలో బెంగ ఉంది, దిగులు ఉంది. రెండూ ఒకటి కావు: బెంగకి ఒక మనిషో ఊరో ఉండాలి, దిగులుకి అక్కర్లేదు.

డాక్టర్లు 'కొద్దిగా, మధ్యస్థం, తీవ్రం' అని అంకెలతో కొలిచే మెట్లు ఈ మాటల్లో ముందే ఉన్నాయి. రంది నుంచి మనాది దాకా ఉన్న దూరమే ఐదు నుంచి ఇరవై దాకా ఉన్న దూరం. అనువాదకులు నిఘంటువు బదులు ఒకసారి మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో కూర్చుని ఉంటే ఈ ఫారం వేరేగా ఉండేది. మా వాడికి ప్రశ్న అర్థం కావడానికి పక్కవాణ్ణి అడగాల్సి వచ్చింది. పక్కవాణ్ణి అడిగి నింపే ఫారంలో రహస్యం ఏముంటుంది?

*

ఆ రోజుల్లోనే లైబ్రరీలో 'అంపశయ్య' మళ్ళీ చదివాను. సిలబస్ పుస్తకాల మధ్య నవల పెట్టుకు చదవడం అక్కడ ఒకరకం దొంగతనం. 1969లో వచ్చిన ఈ నవల రచయితకి ఇంటిపేరే అయిపోయింది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలో ఒకే ఒక్క రోజు. పొద్దున కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి వాడి తలలో తిరిగేదంతా, వరసా వావీ లేకుండా, కాయితం మీదికి వస్తుంది. చైతన్య స్రవంతి అని పాఠాల్లో చెప్పుకుంటాం. ఊళ్ళో పేదరికం, చేతిలో లేని డబ్బు, చదువు, సిగ్గు, కోరిక, తన మీద తనకే అసహ్యం. ఇందిరాపార్కు నుంచి ఉస్మానియా క్యాంపస్ ఎంత దూరం? నాలుగైదు కిలోమీటర్లు. యాభై ఏళ్ళ కాలాన్ని కూడా కలిపినా పెద్ద దూరమేం కాదనిపించింది.

సరదాకి రవికి పీహెచ్‌క్యూ-9 నింపి చూశాను. నా లెక్కలో పది సులువుగా దాటింది. ఆ అంకె చూసి ఏం తెలిసిందీ అని అడిగితే, ఏమీ తెలియలేదు. రవికి ఎందుకు సిగ్గు, ఎవరి ముందు సిగ్గు, ఆ సిగ్గుకి కులంతో డబ్బుతో సంబంధం ఏమిటి, ఇవేవీ ఆ అంకెలో లేవు. నవల రెండు వారాలు కూడా అడగలేదు, ఒక్క రోజు తీసుకుంది. అయినా మనిషంతా దొరికాడు.

ఇక్కడ ఆగిపోతే ఈ వ్యాసం సాహిత్యానికి చప్పట్లు కొట్టి ముగిసేది. కానీ నాకు అంత తేలిక కాదు. ఎందుకంటే నవలకి ఉన్న ఒక పెద్ద లోపం ఆ ఫారంకి లేదు. నవల రవిని అర్థం చేసుకుంటుంది, రవికి ఏం చేయాలో అడగదు. మన మనోవైజ్ఞానిక నవలల్లో మొదటి వరసలో చెప్పుకునే 'అసమర్థుని జీవయాత్ర' సీతారామారావు దగ్గర్నుంచి మనకి ఒక అలవాటుంది. లోపల కుళ్ళిపోతున్న కుర్రాణ్ణి చూసి ఎంత లోతైన పాత్ర అంటాం. త్యాగరాయ గానసభలో పుస్తకావిష్కరణకి వెళ్ళండి, 'వేదన' అనే మాట పడగానే చప్పట్లు పడతాయి. బాధపడేవాడు తెలివైనవాడని, తెలివైనవాడు బాధపడాలని మన సాహిత్యం చెప్పకుండానే నేర్పింది. ఆ 2023లో నేను రాత్రిళ్ళు నిద్రపోకుండా పైకప్పు చూస్తున్నప్పుడు, నాకు జబ్బు చేసిందని అనుకోలేదు. నేను రవిని అనుకున్నాను. అందులో కాస్త గర్వం కూడా ఉంది.

ఫారం ఆ గర్వాన్ని పట్టించుకోదు. సీదాగా అడుగుతుంది: నిద్ర పడుతోందా? తింటున్నావా? చావాలనిపిస్తోందా? అందరినీ అదే అడుగుతుంది, నవ్వేవాణ్ణీ, క్లాస్ టాపర్‌నీ, ఎవరికీ అనుమానం రానివాణ్ణీ. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని మనలో చాలామందికి భయం. ఎన్నో పరిశోధనలు తేల్చిందేమిటంటే, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవాడికి చెప్పుకునే దారి దొరుకుతుంది. మా హాస్టల్లో రెండేళ్ళలో నన్ను ఆ మాట అడిగింది ఆ కాయితం ఒక్కటే. స్నేహితులు అడగలేదు, ఇంట్లోవాళ్ళు అడగలేదు, నేను చదివిన ఏ నవలా అడగలేదు. ఆ గౌరవం దానికి ఇవ్వాలి.

*

పిల్లల దగ్గరికి వస్తే కథనం ఇంకాస్త చిక్కు. బ్రిటన్‌లో రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రకటించిన ఎస్‌డీక్యూ అనే ప్రశ్నావళిలో ఇరవై ఐదు వాక్యాలుంటాయి. దాని అందం ఏమిటంటే ఒకే పిల్లాడి గురించి తల్లిదండ్రులు ఒకటి, టీచరు ఒకటి, కాస్త పెద్దవాడైతే వాడే ఒకటి నింపుతారు. మూడు కంఠాల కథనం. మూడూ కలవవు, కలవని చోటే అసలు సంగతి ఉంటుంది. ఇంట్లో బుద్ధిమంతుడు, క్లాసులో అల్లరివాడు, తన లెక్కలో ఒంటరివాడు. ఈ కిటుకు మన నవలాకారులు కూడా నేర్చుకోవచ్చు. అలాగే టీనేజి పిల్లల కోసం మార్చిన పీహెచ్‌క్యూలో దిగులు పక్కన చిరాకుని కూడా చేర్చారు. పదిహేనేళ్ళవాడు ఏడవడు, తలుపు దభాలున వేస్తాడు. దాన్ని మనం పొగరు అంటాం.

నారాయణగూడలో సాయంత్రం ఐదింటికి నిలబడండి. జూనియర్ కాలేజీల నుంచి బయటికొచ్చే పిల్లల మొహాలు చూడండి. ప్రభుత్వం 2013 నుంచి నడుపుతున్న బాలల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీలకి, సర్కారు బడులకి వెళ్ళి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని పరీక్షిస్తుంది. ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఉన్నవాడు ఆ లెక్కలోకి రాడు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళవాళ్ళలో 7.3 శాతానికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల చావుల మీద 2001లోనే నీరదా రెడ్డి కమిటీ వేశారు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. మూడు లక్షలకు పైగా పిల్లలు ఫెయిలయ్యారు, మార్కుల్లో తప్పులు దొర్లాయి, ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఫెయిలైన వాళ్ళందరి పేపర్లూ తిరిగి పరిశీలించమని ప్రభుత్వం ఆదేశించాల్సి వచ్చింది. విశాఖపట్నం హాస్టల్లో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సిలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. కోచింగ్ సెంటర్లకీ హాస్టళ్ళకీ కూడా ఇవి వర్తిస్తాయి. చదివితే కన్నీళ్ళొచ్చేంత మామూలు విషయాలు.

ఈ నేపథ్యంలో 'అందరు పిల్లల్నీ స్క్రీన్ చేయాలి' అనే మాట వినడానికి బాగుంటుంది. అమెరికాలో నిపుణుల సంఘం 2022లో పన్నెండేళ్ళు దాటిన పిల్లల్ని డిప్రెషన్‌కి, ఎనిమిదేళ్ళు దాటిన వాళ్ళని ఆందోళనకి స్క్రీన్ చేయమని చెప్పింది. ఇలినాయ్ రాష్ట్రం 2025లో ప్రభుత్వ స్కూళ్ళలో దీనికోసం చట్టమే చేసింది. అక్కడా వాదోపవాదాలున్నాయి. కారణం లెక్కల్లో ఉంది. ఊహకి ఒక కాలేజీలో వెయ్యిమంది అనుకుందాం. డెబ్భైమందికి నిజంగా సమస్య ఉంది. మన ఫారం వాళ్ళలో నూటికి ఎనభైమందిని పట్టుకుంటుంది, సమస్య లేనివాళ్ళలో నూటికి పదిహేనుమందిని పొరపాటున పట్టుకుంటుంది. అప్పుడు నిజంగా బాధలో ఉన్న యాభై ఆరుగురు దొరుకుతారు, వాళ్ళతో పాటు ఇంకో నూట నలభైమంది పిల్లలు 'తేడా' అనే జాబితాలోకి ఎక్కుతారు. పద్నాలుగుమంది దొరకనే దొరకరు. ఇది ఫారం తప్పు కాదు. జల్లెడ పని జల్లించడమే. ఆ దాదాపు రెండొందలమందితో కూర్చుని మాట్లాడి ఎవరికేం కావాలో తేల్చే మనిషి ఉన్నాడా అన్నదే ప్రశ్న. జబ్బుల స్క్రీనింగ్ ఎప్పుడు చేయాలి అనేదానికి విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు 1968లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం పది సూత్రాలు రాసిపెట్టారు. అందులో ఒకటి: దొరికినవాడికి వైద్యం అందించే ఏర్పాటు ఉండాలి. లేకపోతే వెతకడంలో అర్థం లేదు.

*

మా హాస్టల్లో ఆ సూత్రం ఎలా అమలైందో చెప్తాను.

ఫారాలు ఇచ్చేశాక మెట్లమీద మా రూమ్మేట్ అడిగాడు. "నువ్వేం రాసినవ్?"

"ఏదో రాసిన. నువ్వు?"

"ఉన్నదే రాసిన."

వాడికి పదిహేడు వచ్చింది. రెండ్రోజుల్లో ఫోన్ వస్తుందని వాలంటీరమ్మాయి చెప్పింది. రాలేదు. ఫారాల కట్ట మేనేజర్ కౌంటర్ కింద, ఫీజు రిజిస్టర్ పక్కన ఉండిపోయింది. నాలుగో రోజు మేనేజర్ ఆ కాయితంలో ఉన్న ఇంటి నెంబర్‌కి ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున బస్సుకే వాళ్ళ నాన్న వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ఖాళీ సంచి. గేటు దగ్గరే నిలబడి నన్ను పక్కకి పిలిచి మెల్లగా అడిగాడు: "ఏమైంది బిడ్డా పిల్లగానికి? మందు గిట్ల తాగుతుండా?"

లేదన్నాను. మరి ఏమైందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. 'పదిహేడు వచ్చింది కాకా' అని ఎలా చెప్పను? మధ్యాహ్నానికి పరుపు చుట్టుకుని వెళ్ళిపోయారు. ఎవరి మీదా కోపం పెట్టుకోవడానికి కూడా లేదు. వాలంటీర్లు మంచి ఉద్దేశంతోనే వచ్చారు. మేనేజర్ తన హాస్టల్లో ఏమన్నా జరుగుతుందని భయపడ్డాడు. ఫారం మాత్రం తన పని పూర్తి చేసింది: నిజం చెప్పినవాణ్ణి పట్టుకుంది, అబద్ధం చెప్పినవాణ్ణి వదిలేసింది.

అక్టోబరులో అశోక్‌నగర్ హాస్టల్లో ఒక అమ్మాయి చనిపోయిన రాత్రి మేమంతా రోడ్డు మీదే ఉన్నాం. తెల్లారేసరికి రెండు వాదనలు తయారయ్యాయి. పరీక్షల వాయిదాలే చంపాయని ఒకరు, వ్యక్తిగత కారణాలని ఇంకొకరు. చనిపోయిన మనిషిని ఒకే ఒక్క కారణంతో చదివి పుస్తకం మూసేసే తొందర రెండు వైపులా ఉంది. మంచి పాఠకుడు ఏ పాత్రనీ అలా చదవడు. ఆ అమ్మాయిని ఎవరైనా, ముందే, ఏదైనా అడిగారా అని మాత్రం ఆ రాత్రి ఎవరూ అడగలేదు.

తర్వాత కొన్నాళ్ళకి, ఇందిరాపార్కు గోడ పక్కన నిలబడి 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని, 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవతలివాళ్ళు ఎర్రగడ్డకి వెళ్ళమన్నారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అనేది ఊరి పేరు కాదు, తిట్టు. 'వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలిరా' అని నేనే ఎంతమందిని అని ఉంటానో. ఓపీ చీటీ పట్టుకుని క్యూలో నిలబడితే నా ముందు ఒక బ్యాంకు ఉద్యోగి, వెనక స్కూలు యూనిఫాంలో ఒక పాప, వాళ్ళమ్మ. ఎవరూ సినిమాల్లో చూపించినట్టు లేరు.

డాక్టరమ్మ నా ముందు ఏ కాయితమూ పెట్టలేదు. నిద్ర ఎట్లుంటుంది అని మొదలుపెట్టింది. మూడో ప్రశ్నకి నాకు తెలిసిపోయింది, ఇది అదే ఫారం అని. అవే తొమ్మిది, కాస్త వరస మారింది. కానీ ఒక్కోదాని తర్వాత ఆవిడ ఆగింది. ఎన్నాళ్ళనుంచి, అప్పుడేమైంది, ఇంట్లో తెలుసా అని అడిగింది. తొమ్మిదోది అడిగేముందు పెన్ను కింద పెట్టింది. "బతుకు వద్దనిపిస్తుందా ఎప్పుడన్నా?"

"అనిపిస్తది" అన్నాను. మొదటిసారి.

అక్షరం అక్షరం అదే పాఠ్యం. హాస్టల్ మెస్‌లో అది నా చేత అబద్ధం చెప్పించింది, ఇక్కడ నిజం చెప్పించింది. పాఠకుడు లేని రచన సగం రచన అని విమర్శకులం చాలాసార్లు రాస్తాం. ఆ మాటకి అర్థం నాకు ఎర్రగడ్డ ఓపీలో తెలిసింది. తర్వాత కొన్ని నెలలు మందులు వాడాను. గ్రూప్-2 రాశాను, రాలేదు. బతికే ఉన్నాను, పుస్తకాల మీద రాసుకుంటున్నాను.

*

సమీక్ష అన్నాక తర్వాతి ముద్రణకి సూచనలుండాలి. నావి కొన్ని.

పీహెచ్‌క్యూ-9 చివర పదో ప్రశ్న ఒకటుంటుంది. ఈ ఇబ్బందుల వల్ల నీ పని, నీ ఇల్లు, మనుషులతో నీ సంబంధం ఎంత కష్టమయ్యాయి అని. దానికి మార్కులు లేవు. మార్కులు లేవు కాబట్టి చాలా ఫారాల్లో దాన్ని ఎగరగొట్టేస్తారు, మాకిచ్చిన దాంట్లోనూ లేదు. మొత్తం రచనలో జీవితం గురించి అడిగే వాక్యం అదొక్కటే. దాన్ని తిరిగి పెట్టండి. రందినీ మనాదినీ బుగులునీ లోపలికి రానివ్వండి. పేరూ ఇంటి నెంబరూ ఎవరు చూస్తారో, ఈ కాయితం ఎక్కడికి వెళ్తుందో, ఎప్పటిలోగా ఎవరు మాట్లాడతారో ముందే రాయండి. మాట్లాడే మనిషి లేకపోతే ఆ ఆదివారం ఫారం పంచకండి.

మొన్న వేసవిలో మహబూబ్‌నగర్ వెళ్ళినప్పుడు మా రూమ్మేట్‌ని కలిశాను. వాళ్ళ బావతో కలిసి విత్తనాల షాపు నడుపుతున్నాడు. ఒళ్ళు చేశాడు, నవ్వుతున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళాడా అంటే, ఊళ్ళో ఏడాది తర్వాత వాళ్ళక్క తీసుకెళ్ళిందట. ఆ ఏడాది గురించి ఏమీ చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. ఆ ఫారం సంగతి మాత్రం వాడే ఎత్తాడు. "నిజం రాసినోనికి ఊరికి బస్సు టికెట్, అబద్ధం రాసినోనికి హాస్టల్ల సీటు" అన్నాడు. నన్ను దెప్పడానికి కాదు, ఊరికే లెక్క చెప్పినట్టు చెప్పాడు.

మళ్ళీ ఎవరన్నా అదే ఫారం చేతికిస్తే ఏం రాస్తావని అడిగాను. వచ్చిన రైతుకి పత్తి విత్తనాల ప్యాకెట్లు లెక్కపెట్టి ఇచ్చి, చిల్లర తీసుకుని, అప్పుడు జవాబిచ్చాడు.

"ముందుగాల అడిగేటోని పేరు, ఫోన్ నెంబర్ రాయమంట."